మాటల పెట్టె

రేడియో లైసెన్సుకి, మీటతో చుక్కా గీతా కొట్టే మోర్స్ పరీక్ష ఎత్తేశాక మా రేవు పడవలన్నిటికీ, ఇళ్ళకీ మాటల పెట్టెలు వచ్చాయి. గాలిలో మాట తెగితే, మిగతాది పెట్టే ఆ మనిషి గొంతుతో కల్పించి చెబుతుంది.

పరీక్ష తీసెయ్యొద్దని నేను మీటింగులో పోట్లాడాను. “ఆ టకటకలు ఎవుడు నేర్సుకుంటాడే అమ్మా? ముసిలితనంలో నీకు ఆ అచ్చరాలొచ్చిన సంబడం గాని,” అని నా కొడుకు సింహాద్రి నవ్వాడు.

తుపాను వెళ్ళి నెలయింది. ఆ రోజు వేటకెళ్ళిన పడవలేవీ తిరిగి రాలేదు. వాడిదీ రాలేదు. పెట్టె మాత్రం రోజూ పొద్దున్నే, “బాగున్నాం, వచ్చెత్తన్నాం,” అంటోంది.

“మాటాడతన్నది మీ అబ్బాయేనేటి అత్తా?” అంది కోడలు నూకాలు, పులుసు కలుపుతూ. “పాప పేరు అడిగితే సెప్పీసింది.”

“పెట్టెకీ తెలుసు కదమ్మా ఆ పేరు.”

మోర్స్ అయితే మీట కొట్టే చేతివాటాన్ని బట్టి మనిషిని పోల్చుకునేదాన్ని. పెట్టె గొంతు నేర్చింది గాని చేతివాటం నేర్వలేదు. సింహాద్రీ నేర్వలేదు.

“అయితే ఆపీమంటారా?”

ఆపితే పడవ మునిగినట్టు రేవులో రాసేస్తారు. నూకాలు లేచి, చెంగుతో పెట్టె మీద దుమ్ము తుడిచి వచ్చింది.

మా వీధిలో ఎవరూ ఆపలేదు. పొద్దున్నే ఇంటింటా మగవాళ్ళ గొంతులు వినిపిస్తాయి. ఆడవాళ్ళం పొయ్యిల దగ్గర కూర్చుని జవాబులు చెబుతుంటాం.