బాణం ఆగిన చోటు

బాణం మళ్లీ అక్కడే ఆగిపోయింది.

టైర్ల కొట్టు మలుపు ఇంకాస్త దూరం ఉందనగానే కాళ్లు నేలలో పాతేసినట్టు నిలబడిపోయింది. తోక పొట్ట కిందికి ముడుచుకుంది. సన్నటి వీపు గాలికి కాగితంలా వణుకుతోంది.

అతను తాడును గుప్పిటికి ఇంకో చుట్టు చుట్టుకుని దాని పక్కన గొంతుక్కూచున్నాడు.

"రా నాన్నా, ఏం కాదు, నేనున్నాగా."

జేబులోంచి ఉడికించిన మాంసం ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టాడు. బాణం వాసన కూడా చూడలేదు. అతని మొహంలోకే చూస్తోంది. చివరికి ఇద్దరూ వచ్చిన దారినే ఇంటికి తిరిగారు.

వరండాలో అక్క బట్టలు మడతపెడుతోంది.

"ఇవాళా అంతేనా? పేరుకేమో బాణం. గూటం అని పెట్టాల్సింది."

"రేసుల్లో పరిగెత్తించి, పనికిరాడని వదిలేశారక్కా వీణ్ణి. ఇల్లు ఎలా ఉంటుందో కూడా తెలీదు పాపం."

అది నిజమే. వచ్చిన కొత్తలో ఆ గ్రేహౌండ్‌కి అన్నీ భయాలే. నున్నటి గచ్చు మీద కాళ్లు జారతాయని గుమ్మంలోనే నిలబడిపోయేది. అద్దాల తలుపులో తన నీడను చూసి తనే హడలిపోయేది. అతను ఇంట్లో ఉన్న చాపలన్నీ వరసగా పరిచి దారి వేశాడు. అద్దానికి కాగితాలు అంటించాడు. మెట్లెక్కడం నేర్పడానికి తనే చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ ఎక్కి చూపించాడు. "దీన్ని ఫోటో తీసి క్లినిక్కుల వాళ్లకు పంపితే నీకిక పనివ్వరురా," అని అక్క పడీపడీ నవ్వింది.

అతని పని కట్టుడు పళ్లు చేయడం. పళ్లాయన అంటారు వీధిలో. కొత్తగా దిగినవాళ్లు ఒకరిద్దరు అరటిపళ్లు ఉన్నాయా అని కూడా అడిగారు. వెనకగదిలో మైనంతో చిగుళ్లు దిద్దుతూ కూర్చుంటాడు. ఈమధ్య క్లినిక్కుల వాళ్లే మనిషిని పంపి సెట్లు తీసుకెళ్తున్నారు.

బాణం రోజంతా వరండాలో, దుప్పటి కప్పిన స్కూటరు పక్కనే పడుకుంటుంది.

"ఆ స్కూటరు ఎవరికన్నా ఇచ్చేయరాదూ? చోటు దండగ," అంది అక్క.

"వీడికి దాని చాటున అలవాటైందక్కా. ఉండనీ."

ఇంట్లో అన్ని భయాలూ ఒక్కొక్కటే వదిలాయి. మలుపు ఒక్కటే మిగిలింది.

వదిలేసిన కుక్కల్ని సాకే ఆశ్రమం నుంచి బాణాన్ని తెచ్చి ఇచ్చిన ఆవిడ ముందే చెప్పింది. ఇలాంటి కుక్క తాడు లేకుండా పరిగెత్తాలి. కంచె ఉన్న మైదానం ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, ఆ మలుపు అవతల. "అక్కడిదాకా రాలేకపోతే నేను వేరే ఇల్లు చూడాల్సి వస్తుంది. మీ మీద కోపంతో కాదండీ. పరుగు లేకపోతే అది లోలోపలే కుళ్లిపోతుంది."

ఆ మాట విన్నప్పటి నుంచి అతను, బాణం తల ఒళ్లో పెట్టుకుని నిద్రపోతుంటే, దాన్ని ఎవరో తీసుకుపోతున్నట్టే చేత్తో గట్టిగా పట్టుకుంటున్నాడు.

గాలి కొట్టే మిషను బుస్సుమంటుంది, అందుకే వీడు బెదురుతున్నాడనుకున్నాడు. కొట్టు తెరవకముందే తీసుకెళ్లాడు. ఆగిపోయింది. రబ్బరు వాసనేమో అనుకుని రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిపించాడు. ఆగిపోయింది.

"లారీలు తిరుగుతాయిగా అక్కడ. వీడికి లారీలంటే పడదేమో," అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర.

"లారీలా?" అంది అక్క. తమ్ముడి మొహంలోకి కాసేపు చూసింది. "ఇంకొంచెం కూర వేసుకో," అంది.

ఆశ్రమం ఆవిడ రానే వచ్చింది. నలుగురూ బయల్దేరారు. ముందు బాణం, అతను. వెనక ఆడవాళ్లిద్దరూ.

ఎండ లేదు గాని అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. టైర్ల కొట్టు కనిపించగానే బాణం ఆగిపోయింది.

"చూశారా? వణుకు చూడండి. ఇంకొన్నాళ్లు టైమివ్వండి, నేను నేర్పిస్తాను. తీసుకెళ్లకండి."

ఆవిడ కుక్కను చూడటం లేదు. తాడు చుట్టుకున్న అతని గుప్పిటిని చూస్తోంది. కణుపులు పాలిపోయి ఉన్నాయి.

"ఒకసారి తాడు అక్కగారికి ఇవ్వండి."

"అక్క దగ్గర ఇంకా బెదురుతాడండీ."

"ఇచ్చి చూడండి."

చుట్లు విప్పడానికి అతని వేళ్లు వెంటనే లొంగలేదు. అక్క ఆ తాడును కూరల సంచీ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంది. "పద," అంది.

బాణం ఒక్కసారి వెనక్కి తిరిగి అతన్ని చూసింది. తర్వాత నడిచింది. మిషను బుస్సుమంది. చెవులు కదిలాయి, కాళ్లు ఆగలేదు. పేర్చిన టైర్ల పక్కనుంచి, నిలిపి ఉన్న లారీ పక్కనుంచి మలుపు తిరిగిపోయింది. ఆవిడా వాళ్ల వెనకే వెళ్లింది.

మలుపు అవతల తోకాడిస్తున్న బాణాన్ని ఆశ్రమం ఆవిడకు అప్పగించి అక్క ఒక్కతే వెనక్కి వచ్చింది, కరెంటు స్తంభాన్ని కరుచుకుని కాగితంలా వణుకుతున్న తమ్ముడి ముందు చెయ్యి చాపి, "రా నాన్నా, ఏం కాదు, నేనున్నాగా, నిన్ను గుద్దిన లారీ వెళ్లిపోయి ఏడాదైంది," అంది.