కూర్మమ్మకి మతి కుదిరిన రాత్రి

నర్సు అరుణశ్రీకి అది వరసగా రెండో డ్యూటీ. కాళ్లు పీకుతున్నాయి.

మూత్రం గొట్టంతో పడుకున్న కూర్మమ్మ, చనిపోయిన మొగుడితో రాత్రంతా మాట్లాడేది. చలిజ్వరం కూడా ఉండటంతో అరుణశ్రీ ఇన్ఫెక్షన్ అని అనుమానించింది. పాత గొట్టం తీసి, కొత్తదాంట్లోంచి మూత్రం పట్టి పరీక్షకి పంపింది. అనుమానం నిజమే అయింది. మందులు మొదలుపెట్టారు.

ఐదో రాత్రికి జ్వరం తగ్గింది. కూర్మమ్మ వారం, ఊరు, కూతురి పేరు అన్నీ సరిగ్గా చెప్పింది.

“మీ ఆయన ఇంకా వస్తన్నాడేటి మామ్మా?” అని నీరసంగా నవ్వింది అరుణశ్రీ.

“ఆడు సచ్చిపోయి మూడేళ్లయిందమ్మా. నాకు తెల్దేటి?”

అరుణశ్రీ హమ్మయ్య అనుకుని స్టూలు మీద కూలబడింది. వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు.

కూర్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

“మెల్లగా మాటాడమ్మా. సచ్చిపోనాడని ఆడికింకా తెల్దు.”