ఊయల గుర్తుపట్టని పాప

పుట్టగానే మూసుకోవలసిన రక్తనాళం ఒకటి లాస్య గుండె దగ్గర తెరిచే ఉండిపోయింది. వార్డు ఆరోగ్య కేంద్రంలో తొడ నుంచి సన్నటి గొట్టం పంపి, చిన్న బిరడాతో మూసేశారు. పది నిమిషాల పని. మధ్యాహ్నానికి తల్లి హైమ పాపను ఇంటికి తెచ్చి ఊయలలో వేసింది.

ఊయల ఊగలేదు. "పాప ఇంకా రాలేదు," అంది ఊయలే.

ఊయలలు గుండె చప్పుడుతోనే పిల్లల్ని గుర్తుపడతాయి. ఏడు నెలలుగా లాస్య గుండెలో కుట్టుమిషను తిరుగుతున్నట్టు ఒక రొద ఉండేది. ఇప్పుడది లేదు. సాయంత్రానికల్లా పాప కనబడటం లేదని ఊయల కేంద్రానికి కబురు పంపేసింది. నర్సు సుభాషిణి వచ్చింది.

"పొద్దున్న ఏడుగురికి మూశామండి. అందరికీ తొడ మీద ఇదే పట్టీ. మీ పాపేనని చెబితే, ఊయలకి మళ్ళీ పేరు నేర్పిస్తాను."

"బారసాల చేసి ఊయల్లో వేసిన పిల్లకి మళ్ళీ పేరేమిటమ్మా?" అంది అత్తగారు.

హైమ పాప వైపు చూసింది. ముఖం లాస్యదే, చెవి కింద పుట్టుమచ్చా లాస్యదే. కానీ రోజూ ఆ రొద వింటూనే తనూ నిద్రపోయేది. ఇంటికొచ్చాక మూడుసార్లు పాప రొమ్ముకు చెవి ఆనించింది. ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చినట్టుంది.

పాప ఏడ్చింది. హైమ ఎత్తుకుంది. పాప ఎప్పటిలాగే తల్లి గుండె మీద చెవి ఆనించి, కాసేపు విని, నిద్రపోయింది.

"మీ పాపేనా అండి?" నర్సు మళ్ళీ అడిగింది.

"నాకింకా అయోమయంగానే ఉందండి," అంది హైమ. "అది మాత్రం నన్ను గుర్తుపట్టింది."