సాయంత్రం డ్యూటీ

"రైట్ రైట్" అన్నాడు తాతయ్య, గేటు గొళ్ళెం వేస్తూ.

బస్సు కండక్టరుగా జీవితమంతా చేసి రిటైరైన మనిషి. ఆ మాట అనందే ఆయన కాళ్ళు కదలవు. చిట్టి నవ్వాపుకుని పక్కనే నడక మొదలుపెట్టింది. చేతికర్ర ఎప్పట్లాగే ఆయన చంకలోనే ఉంది. అది నేలని తాకగా ఆమె ఇంతవరకూ చూడలేదు.

నిజానికి ఆయన చిట్టికి సొంత తాతయ్య కాదు. వాళ్ళ వీధిలోనే బట్టలు కుట్టే కుట్టుమిషన్ అత్తకి మామగారు. ఆయన్ని సాయంత్రాలు షికారు తిప్పడం చిట్టి ఉద్యోగం.

పదహారేళ్ళ పిల్లకి ఉద్యోగమేమిటంటారా? దాని వెనక ఒక ఫోను కథ ఉంది. లెక్కల పరీక్ష తప్పాక చిట్టి గది తలుపు వేసుకుంది. తోటివాళ్ళంతా పై క్లాసుకి వెళ్ళిపోయారు. వాళ్ళకి మొహం చూపించలేక పొద్దస్తమానం మంచం మీదే ఫోను పట్టుకుని పడుకునేది. ఒకరోజు ఆ ఫోను కాస్తా జారి కిందపడి అద్దం పగిలింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. డబుల్ డ్యూటీ చేసి అప్పుడే ఇంటికి వచ్చి ఉంది. "నీ చేతిఖర్చు ఇకనించి నువ్వే సంపాదించుకో, అప్పుడు తెలుస్తుంది" అంది. చిట్టికి రోషం పొడుచుకొచ్చింది.

తీరా దిగాక సంపాదన ఎంత కష్టమో తెలిసింది. బేకరీలో అడిగితే పద్దెనిమిది నిండాక రమ్మన్నారు. ట్యూషన్ చెబుదామంటే, లెక్కల్లో తప్పిన అమ్మాయి దగ్గరికి లెక్కలకి ఎవరు పంపుతారు? పక్కింటి కుక్కని తిప్పుతానని తీసుకెళ్తే ఆ కుక్కే ఆమెని వీధులన్నీ తిప్పి తీసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే కుట్టుమిషన్ అత్త పిలిచింది.

"మా అత్తయ్య పోయాక మామయ్య కుర్చీకి అతుక్కుపోయారే. నడవకపోతే కాళ్ళు పడిపోతాయంటున్నాడు డాక్టరు. రోజూ ఓ గంట తిప్పుకురా. శనివారం శనివారం జీతం ఇస్తా. ఆ మాట మాత్రం ఆయన చెవిన పడకూడదు. తెలిస్తే మళ్ళీ గడప దాటరు."

మొదట్లో ఇద్దరికీ మాటలే దొరికేవి కావు. రానురాను తాతయ్యకి అన్నీ కావాల్సి వచ్చాయి. ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, లెక్కల్లో నీకు కొరుకుడు పడనిదేమిటి అని ఒకటే ఆరా. పాపం ముసలాయనకి కాలక్షేపం లేదు కాబోలనుకుని చిట్టి ఓపిగ్గా చెప్పేది. చినుకులు పడే రోజు కూడా ఆయన గొడుగుతో తయారుగా ఉండేవాడు. డ్యూటీ ఎగ్గొట్టడం తన ఇంటా వంటా లేదనేవాడు. దారిలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, మొహమాటపడకుండా తినమనీ అది తన కష్టార్జితమనీ అనేవాడు. ఇంట్లో కూర్చుంటే వచ్చే పెన్షన్ కష్టార్జితమెలా అవుతుందని చిట్టికి నవ్వొచ్చేది.

పేచీ అంతా తిరిగొచ్చేటప్పుడే. దారిలో ముందు తాతయ్య ఇల్లే వస్తుంది. అక్కడ ఆగమంటే ఆగడు. ప్యాసింజరు దిగాకే కండక్టరు దిగాలంటూ వీధి చివర చిట్టి ఇంటిదాకా వచ్చేవాడు. ఆమె లోపలికెళ్ళి లైటు వేసేదాకా అక్కడే నిలబడేవాడు. ఆయన్ని క్షేమంగా ఇల్లు చేర్చడం చిట్టి ఉద్యోగమాయె. ఏం చేస్తుంది? లైటు వేసి, పెరటి తలుపులోంచి బయటపడి, పిల్లిలా ఆయన వెనకే వెళ్ళి, గేటు గొళ్ళెం చప్పుడు విన్నాకే వెనక్కి వచ్చేది. ఇంత తిరుగుతున్నా ఎక్కడికని అమ్మ ఒక్కసారి అడగలేదు. ఒకప్పుడు చెప్పులు తొడుక్కుంటేనే లక్ష ప్రశ్నలు వేసిన మనిషి. ఫోను కోపం ఇంకా చల్లారలేదనుకుంది చిట్టి.

ఆ రోజు పార్కు బెంచీ మీద కూర్చున్నప్పుడు, పరీక్ష మళ్ళీ రాస్తానని మొదటిసారి పైకి అంది. ఇంకా అమ్మకి కూడా చెప్పలేదంది. "నా సోదంతా ఊరికే వినేది మీరొక్కరే తాతయ్యా" అంది.

తాతయ్య కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"నువ్వు మాత్రం? ఈ ముసలాడి వెంట ఊరికే తిరగడంలేదూ" అన్నాడు చివరికి.

చిట్టి తల వంచుకుని చెప్పు కొనతో మట్టి గీకింది. బెంచీ మీంచి లేచేటప్పుడు తాతయ్య రైట్ రైట్ అనడమే మరిచిపోయాడు.

ఆ 'ఊరికే' అన్నమాట చిట్టికి ముద్ద దిగనివ్వలేదు. ఇంకొక్క శనివారం ఓపికపడితే ఫోనుకి కొత్త అద్దం వస్తుంది. వచ్చాక ఆ అద్దంలోకి ఏ మొహం పెట్టుకుని చూడాలి?

మర్నాడు కాస్త ముందుగానే అత్త దగ్గరికి వెళ్ళింది. తాతయ్య లోపల బూట్లు తొడుక్కుంటున్నాడు. మిషను చప్పుడు ఆగేదాకా నిలబడి, గొంతు తగ్గించి అంది.

"అత్తా, ఇక నాకు జీతం వద్దు."

అత్త గుడ్డ మీంచి తలెత్తింది. "మానేస్తావా?"

"మానను, రోజూ వస్తా. ఊరికే వస్తా. తాతయ్యంటే నాకు ఇష్టం. ఆయన్ని మోసం చేస్తున్నట్టుంది, నావల్ల కావడంలేదు."

అత్త కత్తెర పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

"ఎందుకత్తా నవ్వుతున్నావు?"

"పొద్దున్నే మామయ్య కూడా ఇదే మాట అన్నారే, నిన్ను తిప్పినందుకు మీ అమ్మ ఇచ్చే జీతం ఇక వద్దని."