క్లబ్బు గోడ మీద చోటు

రంగూన్ తామ్వే పేటలో తెలుగువాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు గోడకు ఫొటో ఎక్కాలంటే యాభై గోల్స్ కొట్టి ఉండాలి. ఆ నియమం పెట్టింది అధ్యక్షుడు ఎడ్విన్ రాజే.

ఊరేగింపుల మీద సైన్యం కాల్పులు ఆగిన వారానికి, వాటిలో చనిపోయిన తన భర్త నాథన్ ఫొటోను ఫ్లోరెన్స్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాథన్ ఒక్క గోలైనా కొట్టాడేటమ్మా?"

"ఆయన గోల్‌కీపర్ కదన్నయ్యా. ఆపడమే పని."

"ఆపినవీ తక్కువే."

టీ తెచ్చిన ఎడ్విన్ రాజు కూతురు నిర్మల అక్కడే నిలబడింది. "సైన్యం కాల్చినప్పుడు నాథన్ బాబాయే మమ్మల్ని గ్రౌండులోకి తోసి గేటేసీసినాడు నాన్నా. తను బైటే ఉండిపోనాడు."

"మమ్మల్నంటే?"

"నన్నూ, నా స్నేహితుల్నీ. ఊరేగింపుకి ఎల్లొద్దన్నావని నీకు చెప్పనేదు."

ఎడ్విన్ రాజు టీ పక్కన పెట్టి లేచాడు. గోడ మీద ఖాళీ మేకు లేదు. కుర్చీ ఎక్కి తన ఫొటో దించి, అక్కడ నాథన్‌ను తగిలించాడు.

"వంకరగా ఉందేటో చూడమ్మా" అన్నాడు, ఫ్లోరెన్స్ వైపు తిరగకుండానే.