చెప్పుల హాజరు

“సంచి సర్దుకో మునెయ్యా. మద్దేనం బస్సుకు నువ్వు ఊరికి పోతా ఉండావు.”

చెంగయ్య గారు ఈ మాట ప్రార్థన హాలు మెట్ల మీద నిలబడి, అందరికీ వినపడేలా అన్నారు. కోట అనే ఊరు దాటాక సముద్రం ఒడ్డున, ఏటా వేసవిలో పాస్టర్లకు జరిగే శిక్షణకు ఆయన వార్డెను. నియమాలు రాసింది ఆయనే, పొద్దున్నే అందరిచేతా చదివించేది ఆయనే, తప్పినవాణ్ణి గేటు దాటించేది కూడా ఆయనే. తమ్ముడైనా సరే వదలడని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

హాజరు తీయడంలో ఆయన పద్ధతే వేరు. లోపల ప్రార్థన జరుగుతుంటే తలలు లెక్కపెడుతూ తిరగడం ఏం మర్యాద? అందుకని తొలిరోజే అందరికీ ఒకే రకం నీలం హవాయి చెప్పులు ఇచ్చి, మడమ ఆనేచోట ఎవరి నంబరు వాళ్ళచేత పెయింటుతో రాయించారు. వార్డెనుకు నంబరెందుకని తన జత మీద మాత్రం ఏమీ రాయలేదు. హాల్లోకి వెళ్ళేవాళ్ళు వాటిని మెట్ల మీద వరసగా విప్పాలి. ఆయన బయటే ఒక చుట్టు తిరిగి చూసుకుంటారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మనిషి బొంకుతాడు గానీ చెప్పులు బొంకవని ఆయన ధీమా.

ఆ ఉదయం ప్రార్థన వేళ వరసలో మునెయ్య చెప్పులు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“నేను లోపలే ఉండాను అయ్యగారూ,” అన్నాడు మునెయ్య. వల లాగి లాగి కాయలు కాచిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతులో బెదురు లేదు.

“సాక్షమెవురు?”

“నేను అయ్యగారూ,” అని ముత్యాలయ్య ముందుకొచ్చాడు. అతనూ శిక్షణకు వచ్చినవాడే. “నా పక్కనే మోకాళ్ళ మీద ఉండాడు.”

“ప్రార్థనలో నువ్వు కళ్ళు మూసుకోనుండావా, తెరుచుకోనుండావా?”

ముత్యాలయ్య నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు. తెరిచానంటే తనూ నియమం తప్పినట్టు, మూశానంటే ఏమీ చూడనట్టు. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. చెంగయ్య గారికి తనమీద తనకే ముచ్చటేసింది. లాయరు కావలసినవాణ్ణి పాస్టరునయ్యానని ఆయనకు అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది. బొటనవేలి దగ్గర పట్టీ కరుస్తుంటే కాలు మార్చి నిలబడ్డారు.

“మరి నీ చెప్పులేవి?”

“టిఫిను తిని బయటికొచ్చేసరికి మెస్సు కాడ లేవు. ఉత్త కాళ్ళతో వచ్చినాను.”

“ఎవురో కాజేసినారంటావు.”

“కాజెయ్యలేదు. పొరపాటున ఏసుకోని పొయినారు.”

“ఎవురో తెలుసా నీకు?”

మునెయ్య తల వంచుకున్నాడు. “తెలుసు. చెప్పను. ఒకరి తప్పు నలుగురిలో ఎత్తరాదని పొద్దున మీరే చదివించినారు గదా.”

“నా నియమం నాకే అప్పజెబుతావా? అట్టయితే విను. తెలిసి ఏసుకున్నా, తెలీక ఏసుకున్నా, ఆ చెప్పులు ఎవురి కాళ్ళకుంటే వాళ్ళు సంచి సర్దుకోని పోవాల్సిందే. పేరు చెప్పు. నిన్ను వదిలేస్తా.”

“వద్దులే అయ్యగారూ. నేనే పోతా.”

పోవడమంటే మునెయ్యకు మాటలు కాదు. చేపల వేట ఆపేసే ఈ వేసవిలోనే అతనికి చదువుకునే తీరిక. ఇక్కడి సర్టిఫికెట్టు చేతికొస్తేనే, అతను తన పాలెంలో వేసిన తాటాకుల చర్చిని అతనికే అప్పగిస్తామని సంఘం పెద్దలు తేల్చి చెప్పారు. రాకపోతే వేరే పాస్టరు వస్తాడు. ఆ సంగతి చెంగయ్య గారికీ తెలుసు. ఆయన మనసు చివుక్కుమంది. కానీ ఒకరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారని గుండె రాయి చేసుకున్నారు.

మునెయ్య సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. గేటు దాకా ఇసుక పెనంలా కాలుతోంది. అతను వట్టి కాళ్ళతోనే, తొందరపడకుండా నడిచాడు. వెనకే తాళంచెవి పట్టుకుని చెంగయ్య గారు, ఆయన వెనక మిగతావాళ్ళంతా నడిచారు.

గేటు తాళం తీస్తుండగా మెస్సు వైపు నుంచి కేక వినిపించింది. వంట చేసే మస్తానమ్మ కొంగు బిగించి పరుగున వస్తోంది. ఆమె చేతిలో ఒక జత నీలం చెప్పులున్నాయి.

“ఆగు మునెయ్యా,” అన్నారు చెంగయ్య గారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “నీ చెప్పులు దొరికినాయి. తీసినోడెవుడో ఇప్పుడు తేలిపోతుంది. వాణ్ణి ఈ బస్సుకే పంపిస్తా.”

మస్తానమ్మ ఆయాసపడుతూ వచ్చి చెప్పులు ఆయన ముందు పెట్టింది. మడమ దగ్గర నంబరు లేదు.

“ఇయి మీయే అయ్యగారూ. పొద్దున్నుంచీ మెస్సు గడప కాడనే పడుండాయి. ఇసక కాలతాది, ఏసుకోని పో అబ్బయ్యా అంటే, అయ్యగారి చెప్పుల్లో కాలు పెట్టకూడదని ఈ మునెయ్య ఉత్త కాళ్ళతో పొయినాడు. అది సరేగానీ, మీ కాళ్ళకుండేటివి ఎవురియి?”