మంట లేని కారు

కూతురి రేసు కారు గోడకు గుద్దుకుని ఆగింది. మెకానిక్ అయిన తండ్రి పాత అలవాటుకొద్దీ మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తాడు.

మంట లేదు. పొగైనా లేదు. తన తమ్ముడు పెట్రోలు కారులో కాలిపోయినప్పటి నుంచి, పెద్ద రేసులన్నీ కరెంటు కార్లతోనే జరగాలని ఊరూవాడా ఏకం చేసింది ఆయనే.

హమ్మయ్య అనుకుంటూ చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు నాన్నా! పైన ఎర్ర లైటు చూడు!"

ఆ లైటు వెలిగిందంటే కారు ఒంటినిండా కరెంటు పాకినట్టే. లోపలున్నంతసేపు ఆమెకేమీ కాదు. నేలమీద నిలబడి ముట్టుకున్నవాడు మాత్రం పోతాడు. రబ్బరు గ్లవుజులు తేవాల్సిన చేత్తో సిలిండరు తెచ్చాడు.

"నేను నేర్పినట్టే, కారునీ నేలనీ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లతో ఒక్కసారిగా బయటికి దూకెయ్యమ్మా!"

"కాళ్లు కదలట్లేదు నాన్నా," అంది కూతురు. "సీటు కింద బ్యాటరీ కాలుతోంది."